నల్లబడిన పెద్ద సెంటు, చివరి అంకె అరిగిపోయింది: ఇది 1804 కావచ్చా?

సుధారాణి_ఫిలడెల్ఫియా

అందరికీ నమస్కారం. నేను ఫిలడెల్ఫియా శివార్లలో ఉంటున్నాను. మా వీధిలో ఒక పెద్దాయన కాలం చేశాక, ఆయన పిల్లలు ఇంటి సామానంతా అమ్మకానికి పెట్టారు. వంటపాత్రల కోసం వెళ్లి, ఒక పాత చుట్టల పెట్టె కొనుక్కుని వచ్చాను. అందులో గుండీలు, తాళంచెవులు, వాటి అడుగున ఒక పెద్ద రాగి నాణెం ఉన్నాయి. ఇప్పటి అర డాలరు కంటే కొంచెం చిన్నది. ఒక వైపు కుడికి తిరిగిన స్త్రీ తల, జుట్టుకు రిబ్బను, భుజం మీద వస్త్రం, పైన లిబర్టీ అన్న అక్షరాలు. రెండో వైపు ఆకుల దండ మధ్యలో వన్ సెంట్ అని ఉంది. సంవత్సరంలో 180 వరకు కనిపిస్తోంది. చివరి అంకె అరిగిపోయింది, నాకు 4 లాగా అనిపిస్తోంది.

1804 సెంటు చాలా అరుదని చదివాను. నిన్నటి నుంచి నిద్ర పట్టడం లేదు. నాణెం బాగా నల్లగా ఉంది. అమ్మ ఫోనులో విని, చింతపండుతో తోమితే అంకె బయటపడుతుంది అంటోంది. తోమమంటారా?

రాగిబిళ్ల

సుధారాణి గారూ, దయచేసి తోమకండి. చింతపండు, నిమ్మకాయ, ఉప్పు, పీతాంబరి పొడి, ఏదీ వద్దు. ఈ ఒక్క మాట విన్నాక మిగతాది నెమ్మదిగా చూసుకోవచ్చు. నాణెం 200 ఏళ్లకు పైగా ఆగింది, ఇంకో వారం ఆగుతుంది.

మీరు చెప్పిన వివరాలను బట్టి మీ చేతిలో ఉన్నది 1796 నుంచి 1807 వరకు వచ్చిన వస్త్రధారి బొమ్మ రకం. ప్రధాన చెక్కుడు పనివాడు రాబర్ట్ స్కాట్ అచ్చు కట్టిన బొమ్మ అది. పెద్ద సెంట్లు అనే ఈ అమెరికా రాగి నాణేలు 1793 నుంచి 1857 వరకు వచ్చాయి. తేదీ పూర్తిగా చెరిగిపోయినా బొమ్మను బట్టి కాలాన్ని సులువుగా కుదించవచ్చు. 1793లో మొదట గొలుసు సెంటు, వెంటనే దండ సెంటు వచ్చాయి. అదే ఏడాది మొదలై 1796 వరకు, కర్ర చివర టోపీ ఉన్న బొమ్మ నడిచింది. దాన్ని మొదట చెక్కిన జోసెఫ్ రైట్ 1793లోనే, ఫిలడెల్ఫియాను ఊడ్చిపెట్టిన పచ్చజ్వరం రోజుల్లో చనిపోయాడు. ఆ తరువాతది మీది. 1808 నుంచి 1814 వరకు జాన్ రైక్ చెక్కిన తల, ఎడమకు తిరిగి ఉంటుంది, లిబర్టీ అన్న మాట నుదుటి పట్టీ మీద ఉంటుంది. 1816 నుంచి కిరీటం లాంటి పట్టీ ఉన్న తల, చివర 1839 నుంచి క్రిస్టియన్ గోబ్రెక్ట్ చెక్కిన జడ బొమ్మ.

బొరుసు వైపు ఇంకొక మంచి గుర్తు ఉంది. 1807 వరకు దాదాపు అన్ని రకాల్లోనూ దండ కింద 1/100 అనే భిన్నం ఉంటుంది, డాలరులో నూరో వంతు అని చెప్పడానికి. 1808 నుంచి ఆ భిన్నం లేదు, దండ కూడా చుట్టూ కలిసిపోయి గుండ్రంగా ఉంటుంది.

మీరు మూడు పనులు చేయండి. బరువు తూచండి. అడ్డుకొలత చూడండి. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో దండ కింది భిన్నాన్ని చదివి, ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ రాయండి. చివరి అంకెను మాత్రం ఇప్పుడు చూడకండి. ఒకసారి 4 అని మనసులో పడ్డాక కన్ను 4నే చూస్తుంది.

విశాలాక్షి_ఎం

చింతపండు గురించి ఒక మాట చేర్చాలి. మా ఇంట్లో రాగి చెంబులు, బిందెలు చింతపండుతోనే తళతళలాడేవి. నీళ్లు తాగే పాత్రకు అది సరైన పద్ధతే. చింతపండులోని ఆమ్లం పై పొరను తినేసి కొత్త రాగిని బయటపెడుతుంది. పాత్రకు కావలసింది అదే. నాణేనికి మాత్రం ఆ పై పొరే ప్రాణం. రెండు వందల ఏళ్లుగా గాలీ, చేతుల స్పర్శా కలిసి కట్టిన గోధుమ రంగు పొర అది. పోయాక తిరిగి రాదు. రసాయనాలతో మళ్లీ రంగు వేసినా, చూసినవాళ్లకు అది తెలిసిపోతుంది.

నా పెళ్లైన కొత్తలో మా మామగారి దగ్గర ఉన్న కంపెనీ కాలపు రాగి నాణేలు ఇరవై దాకా నేను ఇలాగే మెరిపించాను. ఆయన ఒక్క మాట అనలేదు. వాటిని తీసి పెట్టెలో పెట్టుకున్నారు, మళ్లీ ఎవరికీ చూపించలేదు. ఇప్పటికీ గులాబీ రంగులో, ప్రాణం లేనట్టు ఉంటాయవి. అందుకే ఈ విషయంలో నేను గట్టిగా చెబుతాను.

సుధారాణి_ఫిలడెల్ఫియా

ఇద్దరికీ ధన్యవాదాలు. తోమను. అమ్మకు కూడా చెప్పాను, ఒప్పుకుంది. వంటింటి త్రాసు మీద పెడితే ఒకసారి 10, ఒకసారి 11 గ్రాములు చూపిస్తోంది. స్కేలు పెట్టి చూస్తే అడ్డుకొలత 29 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. భూతద్దం రేపు వస్తుంది.

తూకంరాళ్లు

వంటింటి త్రాసు ఈ పనికి చాలదు. గ్రాములో నూరో వంతు చూపే నగల త్రాసు తెప్పించుకోండి, ఖరీదు పెద్దగా ఉండదు. రాగి నాణేల మీద ఆసక్తి కొనసాగితే భూతద్దం తరువాత కొనవలసిన రెండో వస్తువు అదే.

తూకం ఎందుకంటే, ఈ సెంట్ల బరువు చట్టంతో పాటు మారుతూ వచ్చింది. 1792 చట్టం 264 గ్రెయిన్ల రాగి అంది. నాణేలు కొట్టడం మొదలుకాక ముందే, 1793 జనవరిలో దాన్ని 208 గ్రెయిన్లకు తగ్గించారు, అంటే 13.48 గ్రాములు. రాగి ధర పెరగడంతో 1795 చివర 168 గ్రెయిన్లకు, అంటే 10.89 గ్రాములకు దించారు. ఆ తరువాత 1857 దాకా అదే ప్రమాణం. కాబట్టి మీ నాణెం 10.89 దగ్గర, అరుగుదల పోను ఇంకొంచెం తక్కువగా తూగాలి. 9 గ్రాములు తూగినా 12 తూగినా అనుమానించాలి.

అంచు కూడా చూడండి. తొలి బరువు నాణేల అంచు మీద తీగల అలంకారమో, డాలరుకు నూరు అనే అర్థం వచ్చే అక్షరాలో ఉండేవి. బిళ్ల పలుచన అయ్యాక అక్షరాలకు చోటు చాలక అంచును సాదాగా వదిలేశారు. మీదానికి అంచు సాదాగానే ఉండాలి. అంచు చుట్టూ సన్నని అతుకు గీత కనిపిస్తే వెంటనే చెప్పండి.

నరసింహం_నాణేలు

అతుకు గీత మాట వచ్చింది కాబట్టి నా అనుభవం చెబుతాను. కొత్తగా చేరినవాళ్లకు పనికొస్తుంది.

ఆరేళ్ల క్రితం అంతర్జాలంలో ఒక అమ్మకందారు దగ్గర 1793 గొలుసు సెంటు కొన్నాను. అమెరికా ప్రభుత్వ టంకశాల ప్రజల వాడకానికి కొట్టిన మొట్టమొదటి సెంటు అది. ఆ ఏడాది మార్చి తొలి రోజుల్లో కొట్టినవి 36,103 మాత్రమే. బొరుసు మీద పదిహేను కడియాల గొలుసు, అప్పటి పదిహేను రాష్ట్రాల ఐక్యతకు గుర్తుగా. స్వేచ్ఛ పేరు పెట్టుకున్న దేశానికి గొలుసు ఏమిటని ఆనాటి పత్రికలు విమర్శించడంతో కొద్ది వారాల్లోనే దాన్ని మార్చి దండ పెట్టారు. ఆ కథ చదివి మనసు పారేసుకున్నాను. ధర తక్కువగా ఉన్నప్పుడే ఆగి ఆలోచించవలసింది.

వచ్చాక తూచాను. 9.8 గ్రాములు. ఉండవలసింది 13.48. అయస్కాంతం దగ్గర పెడితే అతుక్కుంది. ఇనుము మీద రాగి పూత. అంచు మీద తీగలూ గీతలూ ఉండాలి, అది నున్నగా ఉంది. ఫోటోలో మాత్రం చక్కని గోధుమ రంగు, సహజంగా అరిగినట్టు కనిపించే జుట్టు. అరుగుదలను కూడా అచ్చులోనే చెక్కారు.

ఆ తరువాత ఏడాది పాటు ఏమీ కొనలేదు, నకిలీలను మాత్రమే చదివాను. పాతకాలపువి ఇంకో రకం. అసలు నాణెం నుంచి విద్యుత్తుతో రెండు రాగి పెంకులు తీసి, మధ్యలో సీసం నింపి అతికేవారు. నిశితంగా చూస్తే అంచు మీద అతుకు కనిపిస్తుంది, వేలి మీద నిలిపి తట్టితే రాగి మోత రాదు. ఇప్పటి కొత్త నకిలీలను అచ్చుతోనే కొడుతున్నారు, బరువు కూడా సరిపెడుతున్నారు. వాటిని పట్టుకునే దారి, ఒకే గీత, ఒకే నొక్కు వేర్వేరు నాణేల మీద అదే చోట కనిపించడం. రెండు నాణేలు ఒకే దెబ్బ తినవు.

ఇక 1804 విషయంలో 1803 లాంటి మామూలు తేదీలో చివరి అంకెను గీకి 4 చేసినవి చాలా ఉన్నాయి. 1798ని 1799 చేసినవీ ఉన్నాయి. ఆ రెండే ఈ వరుసలో అందరూ వెతికే తేదీలు.

సుధారాణి_ఫిలడెల్ఫియా

నగల త్రాసు, భూతద్దం రెండూ వచ్చాయి. బరువు 10.61 గ్రాములు. అంచు సాదాగా ఉంది, అతుకు లేదు. అయస్కాంతం పట్టడం లేదు. నరసింహం గారూ, మీ అనుభవం చదివాకే అయస్కాంతం పెట్టి చూశాను.

భిన్నం దగ్గర ఒక సందేహం. పైన 1 ఉంది. గీత ఉంది. కింద మూడు సున్నాలు కనిపిస్తున్నాయి. మొదటిది 1 అరిగి సున్నాలా అయిందా అని దీపాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. గుండ్రంగానే ఉంది. నేను తప్పు చదువుతున్నానా?

రాగిబిళ్ల

తప్పు చదవడం లేదు. ఇక్కడ తప్పు 1801లోనో 1802లోనో టంకశాలలో జరిగింది.

ముందు 1804 మాట ముగిద్దాం. అసలు 1804 సెంట్లన్నీ ఒకే అచ్చుల జతతో కొట్టినవి. అందుకే వాటిని నిర్ధారించడం తేలిక. 4 అంకె అడ్డగీత చివర చిన్న నిలువు మొన ఉంటుంది. భిన్నంలోని అంకెలు పెద్దవి, కింద చక్కగా 100 ఉంటుంది. బొమ్మ వైపు తేదీలోని 0, బొరుసు వైపు ఆఫ్ అనే ఇంగ్లీషు మాటలోని మొదటి అక్షరం ఒకదాని వెనుక ఒకటి నేరుగా వస్తాయి. చూపుడువేలూ బొటనవేలూ ఆ రెండింటి మీద పెట్టి పట్టుకుంటే తెలుస్తుంది. 1803ను గీకి 1804 చేసిన నకిలీ అయితే ఈ పొందిక కుదరదు. తరువాతి రోజుల్లో అచ్చులు పగిలి, లిబర్టీ చివరి అక్షరాల పైన అంచు దగ్గర రాగి ముద్దలా ఉబికిన నాణేలు కూడా ఉన్నాయి. 1860 ప్రాంతంలో బయటివారు తుక్కులో దొరికిన తుప్పు అచ్చులతో 1804 తేదీ వేసి కొట్టినవి మరో రకం. వాటి బొరుసు అచ్చు 1820 నాటిది కాబట్టి భిన్నమే ఉండదు. మీ నాణెం మీద 1/000 ఉంది. ఆ ఒక్క గుర్తుతోనే 1804 కాదని తేలిపోయింది. నిరాశ పడకండి.

ఈ తప్పు ఎలా వచ్చిందంటే, ఆ రోజుల్లో ప్రతి అచ్చు మీదా అక్షరాలు, అంకెలు, ఆకులు, పండ్లు ఒక్కొక్కటీ చేతితో సుత్తి దెబ్బ కొట్టి దించేవారు. ఉక్కు దిమ్మ మీద కుడి ఎడమైన రాత. అంకె పొరబడినా, అక్షరం ఒరిగినా ఆ అచ్చుతో వచ్చిన వేల నాణేల మీదికి అదే దిగేది. ఏ రెండు అచ్చులూ ఒకటి కాకపోవడం వల్లనే మనకు ఈ రకాల లెక్క ఏర్పడింది. పాత సెంట్ల పరిశోధకుడు విలియం షెల్డన్ 1949లో 1793 నుంచి 1814 వరకు వచ్చిన రకాలకు 1 నుంచి 295 దాకా సంఖ్యలు ఇచ్చాడు. నేటికీ ఎస్ అనే అక్షరంతో అవే సంఖ్యలు వాడుతున్నాం. 1816 నుంచి వచ్చినవాటికి న్యూకంబ్ అనే మరో పరిశోధకుడు ఇచ్చిన సంఖ్యలు.

1/000 ఉన్నవి 1801లోనూ ఉన్నాయి, 1802లోనూ ఒకటి ఉంది. 1801లో మళ్లీ మూడు రకాలు చూడాలి. ఎస్-219 అందరికీ ఇష్టమైనది. ఒకే బొరుసు మీద మూడు తప్పులు. భిన్నం 1/000. దండ కింద రెండు కాడలకు బదులు ఒకటే. యునైటెడ్ అన్న మాటలో యు అక్షరం రెండు నిలువు గీతల్లా కనిపిస్తుంది. ఎస్-220లో భిన్నం ఒక్కటే తప్పు. ఎస్-221లో తప్పును గమనించి మొదటి సున్నా మీద 1 కొట్టి దిద్దారు. కాబట్టి మీరు చూడవలసినవి: కాడలు ఎన్ని, యు అక్షరం కింద కలిసి ఉందా, మొదటి సున్నా లోపల నిలువు గీత జాడ ఉందా. అప్పుడు తేదీ దగ్గరకు రండి. చివరి అంకె 2 అయితే అడుగున అడ్డంగా పాదం ఉండాలి.

మసులా_తీరం

పెద్దలు అనుమతిస్తే ఒక పక్క మాట. నేను కంపెనీ నాణేలు సేకరిస్తాను, అమెరికా నాణేల గురించి ఇక్కడే చదివి తెలుసుకుంటున్నాను. సుధారాణి గారి చేతిలోని బిళ్లకూ మా తీరానికీ ఒక నిజమైన సంబంధం ఉంది.

ఫిలడెల్ఫియా టంకశాల తొలి రోజుల్లో పాత రాగి పాత్రలు, మేకులు, రేకులు కొని, కరిగించి, గుర్రాలు తిప్పే మరమీద రేకులు తీసేది. ఆ రాగి నాణ్యత రోజుకో తీరుగా ఉండేది. 1797 ప్రాంతం నుంచి ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బౌల్టన్ తయారుచేసిన బిళ్లలను పీపాల్లో తెప్పించుకుని, వాటి మీద అచ్చు కొట్టారు. అదే బౌల్టన్ సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద ఈస్టిండియా కంపెనీ కోసం, ఉత్తర సర్కారులలో వాడడానికి రాగి నాణేలు కొట్టారు. 1794, 1797 తేదీలవి. మీద రూపాయికి 48 అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా మన సర్కారు జిల్లాలే కదా అవి. మచిలీపట్నం పాత ఇళ్లలో ఇప్పటికీ అరుదుగా కనిపిస్తాయి.

నా దగ్గర 1797 నాటిది ఒకటి ఉంది. దాదాపు ఆ రోజుల బిళ్లే ఒకటి అట్లాంటిక్ దాటి స్వేచ్ఛ బొమ్మ వేయించుకుంది, ఇంకొకటి గుడ్‌హోప్ అగ్రం చుట్టి వచ్చి కంపెనీ గుర్తు మోసింది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలా ఆశగా ఉంది.

రాగిబిళ్ల

మసులా తీరం గారూ, పక్క మాట కాదు, చాలా ముఖ్యమైన మాట. 1815 తేదీతో పెద్ద సెంటు ఒక్కటీ లేకపోవడానికి కారణమూ అదే. 1812లో బ్రిటన్‌తో యుద్ధం మొదలయ్యాక బర్మింగ్‌హామ్ బిళ్లలు రావడం ఆగిపోయింది. ఉన్నవి 1814లో అయిపోయాయి. 1793 నుంచి 1857 దాకా వరుసలో తప్పిపోయిన ఏడాది అదొక్కటే.

సుధారాణి_ఫిలడెల్ఫియా

కాడలు రెండూ ఉన్నాయి. ఎడమది సన్నగా, కుడిది స్పష్టంగా. యు అక్షరం కింద కలిసే ఉంది. మొదటి సున్నా లోపల ఏమీ లేదు. తేదీ చివరి అంకెకు అడుగున అడ్డ పాదం కనిపించలేదు. నిలువు గీతే. నేను 4 అనుకున్నది ఆ గీతను కోస్తూ వెళ్లిన ఒక పాత గాటు. ఇప్పుడు చూస్తే స్పష్టంగా తెలుస్తోంది, మొన్న మాత్రం ఒట్టేసి 4 అనేదాన్ని.

అయితే ఇది 1801, ఎస్-220 అనుకోవచ్చా? ఇంకొక ప్రశ్న. ఇది ఏ స్థాయిలో ఉన్నట్టు? జుట్టులో దాదాపు మూడో వంతు పాయలు కనిపిస్తున్నాయి. ఉపరితలం మీద దగ్గరగా చూస్తే సూది మొనంత గుంటలు చాలా ఉన్నాయి. తల ముందు ఖాళీ జాగాలో ఒక ఆకుపచ్చ మచ్చ.

మల్లిక_ఆస్టిన్

ముందుగా అభినందనలు. మీ వివరాలకు ఎస్-220 సరిపోతోంది.

నాణెం స్థితిని 1 నుంచి 70 దాకా అంకెతో చెప్పే స్థాయి నిర్ణయంలో రాగికి రెండు మెట్లు ఉంటాయి. మొదటి మెట్టులో అరుగుదలను మాత్రమే చూస్తాం. నాణెం చేతులు మారుతూ ఎంత అరిగింది, ఎత్తైన చోట్ల ఎంత మిగిలింది అన్నదే ప్రశ్న. ఈ బొమ్మలో ముందు అరిగేవి నుదుటి పైన జుట్టు, చెవి దగ్గరి పాయలు, భుజం మీద వస్త్రం మడతలు. అక్షరాలూ తేదీ మాత్రమే చదవగలిగేలా ఉండి లోపలి వివరం చదునైపోతే 4. అక్షరాలు బలంగా ఉండి జుట్టులో కాస్త వివరం ఉంటే 8. మూడో వంతు పాయలు ఉంటే 12. మూడింట రెండు వంతులు ఉంటే 20, 25 మధ్య. దాదాపు అన్ని పాయలూ విడివిడిగా నిలిస్తే 40. మీది మీరు చెప్పిన ప్రకారం 12.

ఇక్కడ కొత్తవాళ్లు తరచుగా పొరబడే చోటు ఒకటుంది. అరుగుదల వేరు, అచ్చు బలహీనంగా పడడం వేరు. అచ్చు కుంగిపోయినా, దెబ్బ చాలకపోయినా కొన్ని వివరాలు మొదటి రోజు నుంచే ఉండవు. వాడకంలో అరిగిన చోట రాగి నున్నబడి, చుట్టుపక్కల కంటే వేరే మెరుపు ఇస్తుంది. అచ్చే పడని చోట బిళ్ల మొదటి గరుకు అలాగే ఉంటుంది. 1808 తరువాతి తలల్లో నక్షత్రాలు సగం సగం పడడం చాలా సాధారణం. దాన్ని అరుగుదల అని స్థాయి తగ్గిస్తే నాణేనికి అన్యాయం.

రెండో మెట్టు ఉపరితలం. మీరు చెప్పిన సూది గుంటలు మట్టిలోనో చెమ్మలోనో ఉండి రాగి గుల్లబారడం వల్ల వచ్చినవి. ఆకుపచ్చది చిలుము. తేదీ మీద గాటు ఉంది. వీటన్నిటికీ కోత ఉంటుంది. నా అంచనా నికరంగా 7.

రాగిబిళ్ల

నేను 6 అంటాను. గాటు తేదీ మీద పడింది, చూడగానే కన్ను అక్కడికే వెళుతుంది. అంచు దగ్గరో దండ ఆకుల్లోనో ఉంటే ఇంత కోసేవాణ్ణి కాదు. ఒకే లోపానికి చోటును బట్టి బరువు మారుతుంది.

సుధారాణి గారూ, ఈ అంకెల పద్ధతి కూడా ఈ సెంట్ల నుంచే పుట్టింది. షెల్డన్ లెక్క ఏమిటంటే, ఒక రకం నాణెం గుర్తుపట్టగలిగేంత మాత్రమే మిగిలితే 1. టంకశాల నుంచి వచ్చినట్టే లోపం లేకుండా ఉంటే 70. ఆ రోజుల ధరలో 70 స్థాయి నాణెం 1 స్థాయి నాణేనికి డెబ్బై రెట్లు పలుకుతుందని, మధ్యలోనివి అదే నిష్పత్తిలో ఉంటాయని అతని ఊహ. ధరలు ఆ నిష్పత్తిలో ఎక్కువ కాలం నిలవలేదు. అంకెలు మాత్రం నిలిచి, బంగారం, వెండి నాణేలన్నిటికీ పాకాయి. పద్ధతి ఉపయోగపడింది కానీ మనిషి గురించి నాకు మంచి అభిప్రాయం లేదు. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ అనే నాణేల అధ్యయన సంస్థ సేకరణలోని మంచి సెంట్లను తీసుకుని, వాటి చోట తక్కువవి పెట్టాడని ఆయన పోయాక బయటపడింది. నమ్మి తలుపు తెరిచిన చోట అలా చేయడం నేను క్షమించలేను.

ఇప్పుడు రెండు సంప్రదాయాలు నడుస్తున్నాయి. ప్లాస్టిక్ డబ్బాలో ముద్ర వేసి ఇచ్చే సంస్థలు మీ నాణెం లాంటిదానికి అంకె ఇవ్వవు. వివరాలు ఫైన్ (అంటే 12 దగ్గరి స్థాయి), ఉపరితలం దెబ్బతింది అని రాసి ఊరుకుంటాయి. 1967లో ఏర్పడిన ఎర్లీ అమెరికన్ కాపర్స్ సంఘం వాళ్లు మల్లిక గారు చెప్పిన పద్ధతిలోనే, అరుగుదలను బట్టి పదును 12, కోతలు పోను నికరం 6 అని రెండూ చెబుతారు. నాకు ఈ పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది, నాణెం చరిత్ర అంతా ఆ రెండు అంకెల మధ్య ఉంటుంది. మంచి నాణేల్లో కూడా తేడా ఉంది. డబ్బా మీద 40 అని ఉన్నదాన్ని సంఘం వాళ్లు 30 అనడం సాధారణం. కొనేటప్పుడు ఏ కొలబద్దతో చెప్పిన అంకెనో అడగకుండా డబ్బు ఇవ్వకండి.

కృష్ణవేణి_టి

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నా దగ్గర 1848 సెంటు ఉంది, జడ బొమ్మ. అక్షరాల చుట్టూ ఇంకా కొంచెం ఎర్రటి రాగి రంగు కనిపిస్తోంది. ఇది తోమిన గుర్తా?

మల్లిక_ఆస్టిన్

ఎరుపు ఎక్కడ ఉందో చూడండి. అక్షరాల సందుల్లో, ఆకుల వెనుక, చేతులు తగలని చోట ఉండి, బయట ఖాళీ జాగాకు వచ్చేసరికి మెల్లగా గోధుమ రంగులోకి కలిసిపోతే అది మొదటి ఎరుపు, మంచి గుర్తు. నాణెమంతా ఒకే రకంగా గులాబీ ఎరుపుతో ఉండి సందుల్లో మాత్రం నలుపు ఉంటే తోమినది. కొత్త రాగి రంగు మామిడిపండు తొక్క మీద ఎండ పడినట్టు ఉంటుంది, తోమిన రాగిది పాలిపోయిన రంగు. 1816 నుంచి 1820 వరకు తేదీలతో ఎర్రగా ఉన్నవి కనిపిస్తే వెంటనే అనుమానించకండి. అంతర్యుద్ధం తరువాత జార్జియాలో ఒక రైలు వేదిక కింద దొరికిన పీపాలోని సెంట్లవి. 1818, 1820 అలా చాలా మిగిలాయి.

విశాలాక్షి_ఎం

సుధారాణి గారి ఆకుపచ్చ మచ్చ గురించి. చిలుము పొడిగా, గట్టిగా ఉంటే వదిలేయవచ్చు. మెత్తగా, పొడిపొడిగా రాలుతుంటే అది ఇంకా రాగిని తింటోంది, ఆపాలి.

స్వచ్ఛమైన అసిటోన్ తెప్పించండి. గోళ్ల రంగు తీసేది కాదు, అందులో రంగులూ నూనెలూ కలుస్తాయి. గాజు గిన్నెలో పోయండి, ప్లాస్టిక్ కరుగుతుంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా పెట్టండి. నాణేన్ని గంటసేపు ఉంచి, తీసి, గుడ్డతో రుద్దకుండా గాలికి ఆరనివ్వండి. జిడ్డు, పాత ప్లాస్టిక్ కవర్ల పూత కరుగుతాయి, రాగి పొర అలాగే ఉంటుంది. మొండి మురికికి జైలీన్ అనే మరో ద్రావకం వాడేవారు ఉన్నారు. చిలుము మచ్చను కొద్దిరోజులు నూనెలో నాననిచ్చి, గులాబీ ముల్లుతో భూతద్దం కింద కొంచెం కొంచెంగా ఎత్తుతారు. ముల్లు రాగి కంటే మెత్తన కాబట్టి గీత పడదు. సూది మాత్రం ఎప్పుడూ పట్టకండి.

సుధారాణి_ఫిలడెల్ఫియా

నాలుగు రోజుల తరువాత రాస్తున్నాను. అసిటోన్‌లో పెట్టాను. ద్రవం లేత గోధుమ రంగుకు తిరిగింది, నాణెం నలుపు కొంత విడిచి పాతబెల్లం రంగులోకి వచ్చింది. చిలుము పొడిగానే ఉంది, ముల్లు జోలికి వెళ్లలేదు. తేదీ చివర 1 ఇప్పుడు భూతద్దం లేకుండానే తెలుస్తోంది.

చుట్టల పెట్టె అమ్మిన కుటుంబానికి నాణెం సంగతి చెప్పాను. తీసుకోమంటే, మీరు ఇంత శ్రమపడ్డారు, మీ దగ్గరే ఉండనివ్వండి అన్నారు. ఆ పెద్దాయన టంకశాల మొదట ఉన్న సెవెంత్ స్ట్రీట్ దగ్గరే పుట్టారట.

మసులా తీరం గారూ, వచ్చే సంక్రాంతికి మేము విజయవాడ వస్తున్నాం. అక్కడి నుంచి బందరు ఎంత దూరం? మీ 1797 నాణేన్ని పక్కన పెట్టుకుని చూడాలని ఉంది. మెత్తని నూలు సంచి కుట్టించాను, అందులో పెట్టి తెస్తాను.

మసులా_తీరం

బస్సులో రెండు గంటల లోపే. తప్పకుండా రండమ్మా. త్రాసు నా దగ్గర ఉంది.